మెట్లు లేని వీణ మీద 22 శ్రుతులు



ప్రాచీన సంగీతంలో స్వరాల అమరిక మీద చర్చ మొదలయ్యే ముందు, ఆ చర్చకు తరచూ అడ్డుపడే ఒక అపోహ గురించి మాట్లాడదలచుకున్నాను. భరతుడు నాట్యశాస్త్రంలో 22 శ్రుతులు చెప్పాడని అందరం చదువుకున్నాం. చదివిన వెంటనే ఆ 22 స్థాయిలో ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ రాగంలో ఏది పలుకుతుందో వెతకడం మొదలుపెట్టాం. ఒక్కొక్క దానికి ఒక నిష్పత్తి కట్టి పట్టికలు వేశాం. కాని నాట్యశాస్త్రంలోని శ్రుతి పాడుకునే స్వరం కాదనీ, తీగెను సవరించేటప్పుడు చెవి పట్టుకునే తేడాకు పెట్టిన పేరనీ నా అభిప్రాయం. వాద్యం బిగింపులో పుట్టిన కొలతను గాత్రంలో వెతికితే దొరకకపోవడంలో వింత లేదు. మన తెలుగులో ఈనాటికీ తంబురాను ‘శ్రుతి చేస్తాం’, రెండు వాద్యాలకు ‘శ్రుతి కలుపుతాం’. వాడుక ఒక్కటే సాక్ష్యం కాదు గాని, మాట ఎటు చూపుతున్నదో గమనించాలి.

ముందు ఆ నాటి వీణ ఎలా ఉండేదో చూడాలి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో విల్లులా వంగిన దండి, దాని అడుగున పడవ ఆకారపు తొట్టె, రెండింటి మధ్య వరుసగా తీగెలు కనిపిస్తాయి. నాలుగో శతాబ్దపు సముద్రగుప్తుడి బంగారు నాణెం మీద రాజు ఒడిలో ఉన్నదీ ఇటువంటి వీణే. బర్మాలో ఈ జాతి వాద్యం ఇప్పటికీ మోగుతోంది. దీనికి మెట్లు లేవు, వేలితో నొక్కే పలక లేదు, ఒక తీగెకు ఒకటే స్వరం. భరతుడు ఏడు తీగెల చిత్రను, తొమ్మిది తీగెల విపంచిని చెప్పాడు. అటువంటి వాద్యం మీద స్వరం మార్చాలంటే తీగెను సడలించడమో బిగించడమో తప్ప దారి లేదు. మన శిల్పాల్లో మెడ పొడుగు వాద్యాలు కూడా ఉన్నాయి కదా అని అడగవచ్చు. ఉన్నాయి, రాయి శబ్దం వినిపించదన్న మాటా నిజమే. అయితే శిల్పం రూపాన్ని మాత్రమే చూపితే, గ్రంథం ఆ రూపానికి తగిన పనిని చెబుతోంది. నా వాదం ఆ రెండూ కలిసే చోట నిలబడుతుంది.

ఆ పని నాట్యశాస్త్రం ఇరవై ఎనిమిదో అధ్యాయంలో ఉంది. షడ్జగ్రామం అనే స్వరాల అమరికలో సరిగమపదనిలకు వరుసగా 4, 3, 2, 4, 4, 3, 2 శ్రుతులు, మొత్తం 22. తొమ్మిది లేదా పదమూడు శ్రుతుల దూరంలో ఉన్న స్వరాలు సంవాదులు, అంటే ఒకదానితో ఒకటి కలిసి పలికేవి. ఈ గ్రామంలో పంచమం షడ్జానికి సంవాది, రిషభానికి కాదు. పంచమాన్ని ఒక్క శ్రుతి దించితే అది షడ్జాన్ని వదిలి రిషభంతో కలుస్తుంది. అదే మధ్యమగ్రామం. ఆ ఒక్క దించుడే ప్రమాణ శ్రుతి. లెక్కలో చూద్దాం. షడ్జం సెకనుకు 240 కంపనాలు అనుకుంటే, దానితో కలిసిన పంచమం 360. రిషభాన్ని 10/9 నిష్పత్తిలో 266.7 వద్ద ఉంచితే, దానితో కలిసే పంచమం 355.6. అంటే తేడా నాలుగున్నర కంపనాలకు కొంచెం తక్కువ. ఇంత సన్నని తేడాను కొలబద్ద లేకుండా తప్పులేకుండా పట్టుకోవడానికి, తీగె దేనితో కలుస్తోందో వింటే చాలు.

తరువాత రెండు వీణల ప్రయోగం. అన్ని విధాలా సమానమైన రెండు వీణలు, ఒకటి ధ్రువం, కదలదు, రెండోది చలం. చలవీణ పంచమాన్ని దించి, మిగిలిన తీగెలను కూడా దానికి తగ్గట్టు దించి మళ్ళీ షడ్జగ్రామం చేస్తే మొదటి సారణ, అంటే మొదటి విడత సవరింపు. రెండో సారణలో చలవీణ గాంధార నిషాదాలు ధ్రువవీణ రిషభ ధైవతాల్లో కలిసిపోతాయి. మూడోదానిలో రిషభ ధైవతాలు షడ్జ పంచమాల్లో, నాలుగోదానిలో షడ్జ మధ్యమ పంచమాలు నిషాద గాంధార మధ్యమాల్లో కలుస్తాయి. కలిసిన స్వరాలను లెక్కపెట్టండి: రెండు స్వరాలకు రెండేసి శ్రుతులు, రెండింటికి మూడేసి, మూడింటికి నాలుగేసి. 22 అన్న సంఖ్య ఇక్కడ తేలుతుంది. ఆకాశం నుంచి ఊడిపడలేదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. భరతుడు మళ్ళీ మళ్ళీ అదే విధంగా దించమన్నాడు కాబట్టి శ్రుతులన్నీ సమానమేనని. స్థాయిని 1200 సెంట్లుగా తీసుకుంటే సమాన శ్రుతి సుమారు 54.5 సెంట్లు. పదమూడు శ్రుతుల పంచమం 709 దగ్గర పడుతుంది, శుద్ధ పంచమం 702. ఏడు సెంట్ల తేడా ఉన్న రెండు తీగెలను కలిపి మీటితే నాదంలో అల వస్తుంది. సంవాదాన్నే ఆధారంగా పెట్టుకున్నవాడు ఆ అలను ఒప్పుకోడు. పైన చెప్పిన రిషభంతోనే నాలుగు సారణలు కొలిస్తే వరుసగా 22, 90, 70, 22 సెంట్లు వస్తాయి. అసమానమే, అయినా ప్రయోగం ఎక్కడా చెడదు. ప్రతి సారణకూ హద్దు సంఖ్య కాదు, కలయిక. తమిళుల యాళ్ వాద్య సంప్రదాయం ఏడు స్వరాలకు 4, 4, 3, 2, 4, 3, 2 మాత్రలు పంచి అదే 22కి చేరింది. తీగెకొక స్వరం ఉన్న వాద్యాలు వాడిన రెండు సంప్రదాయాలు ఒకే లెక్క పెట్టుకోవడం కాకతాళీయం అనుకోలేను.

మరి ఈ లెక్క ఎందుకు మరుగున పడింది? మెట్లు రావడం వల్ల. ఒక మెట్టు తీగెలన్నిటి కిందా అడ్డంగా సాగుతుంది. ఒక తీగె కోసం దాన్ని జరిపితే అన్నిటికీ జరుగుతుంది. విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో 1550లో ‘స్వరమేళకళానిధి’ రాసిన రామామాత్యుడి ముందున్నది మెట్ల వీణ. అందుకే ఆయన చర్చ మెట్ల స్థానాల వైపు, మేళాల వైపు సాగింది. ఆ దారిలోనే వేంకటమఖి 72 మేళాలు వచ్చాయి. షడ్జ పంచమాలు కదలని స్వరాలయ్యాయి. పంచమం కదలనప్పుడు మధ్యమగ్రామానికి చోటే లేదు. ఈనాటి తోడి గాంధారంలో, వరాళి మధ్యమంలో సూక్ష్మ శ్రుతులు వినిపించడం లేదా అంటారు. వినిపిస్తాయి, వాటి అందం మీద నాకు సందేహమే లేదు. అవి గమకంలో పుట్టిన ఛాయలు. వాటికి భరతుడి 22లో నంబర్లు వెతకడం ఆ రాగానికీ న్యాయం కాదు, భరతుడికీ కాదు.

ఇంకొక మాట. మతంగుడు ‘బృహద్దేశి’లో నాలుగు స్వరాల లోపు పాట మార్గ సంగీతం కిందికి రాదంటూ, అటువంటి పాట ఉన్నవారిలో శబర, పుళింద, ద్రవిడులతో పాటు ఆంధ్రుల పేరు కూడా చెప్పాడు. అది మనల్ని చిన్నబుచ్చే మాటగా నాకు తోచదు. మూడు నాలుగు స్వరాల్లో పాట మొత్తం నడిపే సంగీతం ఈ నేల మీద ఉండేదని చెప్పే పాత సాక్ష్యం అది. బరోడా ప్రచురణగా 1926 నుంచి అభినవభారతి వ్యాఖ్యతో నాట్యశాస్త్రాన్ని వెలికి తెచ్చిన మానవల్లి రామకృష్ణకవి మనవాడే. పాఠం ఆయన ఇచ్చారు, ప్రయోగం మిగిలింది. అమరావతి శిల్పం చూసి రెండు విల్లువీణలు చేయించి, ఒకే మందపు తీగెలు కట్టి, నాలుగు సారణలు ఈ సభల్లోనే ఒకసారి విందాం. అలాగే ఉయ్యాల పాటలను, నాట్ల పాటలను సేకరించేవారు వాటిని 22 గళ్ళ పట్టికలో ఇరికించకుండా, పాడినవారి గొంతులో స్వరం ఎక్కడ నిలిచిందో అక్కడే కొలిచి రాయాలని కోరుతున్నాను.