లెక్క చెప్పిన జనరల్, లెక్కచేయని అధ్యక్షుడు

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇరాక్ యుద్ధం అన్యాయమైనదని కొత్తగా రుజువు చేయాల్సిన పని లేదు. 2003 ఫిబ్రవరి 15న ప్రపంచంలోని వందలాది నగరాల్లో జనం వీధుల్లోకి వచ్చి ఆ మాట చెప్పారు. ఏ ఆయుధాల పేరు చెప్పి జార్జ్ బుష్ యుద్ధానికి దిగాడో, ఆ ఆయుధాల నిల్వలు అక్కడ లేవని అమెరికా పంపిన తనిఖీ బృందమే 2004లో తేల్చింది. ఇవాళ మనం మాట్లాడుకోవాల్సింది ఆ యుద్ధాన్ని ఆయన నడిపిన తీరు గురించి. ఎందుకంటే, 'ఉద్దేశం మంచిదే, అమలులోనే పొరపాట్లు జరిగాయి' అనే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. జరిగినవి పొరపాట్లు కావు, తెలిసినవాళ్లు చెప్పినా వినకుండా చేసిన పనులు అని మేమంటున్నాం.

2003 ఫిబ్రవరి 25న సెనేట్ కమిటీ ముందు అమెరికా సైన్యాధిపతి జనరల్ ఎరిక్ షిన్సెకీ కూర్చున్నాడు. యుద్ధం ముగిశాక ఇరాక్‌ను అదుపులో ఉంచడానికి ఎంత సైన్యం కావాలని అడిగారు. కొన్ని లక్షల మంది కావాలని ఆయన ఉన్నమాట చెప్పాడు. రెండు రోజులు తిరగకముందే రక్షణ శాఖ ఉపమంత్రి పాల్ వుల్ఫోవిట్జ్ ఆ లెక్క పూర్తిగా తప్పని కొట్టిపారేశాడు. యుద్ధానికి పట్టేదానికన్నా ఆ తర్వాత ఎక్కువ సైన్యం కావాలనడం ఊహకే అందడం లేదన్నాడు. అధ్యక్షుడు ఎవరి మాట విన్నాడో మనకు తెలుసు. ఫైలు మీద ఉన్నదున్నట్టు నోట్ రాసిన అధికారికి ఏ గతి పడుతుందో ఇక్కడున్న ఉద్యోగ మిత్రులకు వేరే చెప్పాలా?

1991లో కువైట్ నుంచి ఇరాక్ సేనలను వెళ్లగొట్టడానికే అమెరికా 5 లక్షలకు పైగా సైన్యాన్ని దించింది. 2003లో దాదాపు రెండున్నర కోట్ల జనమున్న దేశాన్ని మొత్తంగా ఆక్రమించడానికి సుమారు లక్షన్నరతో సరిపెట్టింది. తక్కువ సైన్యం, తక్కువ ఖర్చు, త్వరగా విజయం అని చెప్తేనే కదా ఓటరు ఒప్పుకునేది! లక్షలు కావాలంటే, ఆ యుద్ధం మనకెందుకని అమెరికా ప్రజలే అడిగేవారు. అంటే సైన్యం లెక్క అవసరాన్ని బట్టి వేసింది కాదు. ముందే తీసుకున్న నిర్ణయానికి సరిపోయేలా కోసింది.

ఫలితం వారాల్లోనే కనపడింది. ఏప్రిల్ 9న బాగ్దాద్ పడిపోయింది. ఆసుపత్రులు, ఆఫీసులు, వేల ఏళ్ల చరిత్ర దాచుకున్న మ్యూజియం లూటీ అయ్యాయి. చమురు మంత్రిత్వ శాఖ భవనం ముందు మాత్రం అమెరికా ట్యాంకులు కాపలా కాశాయి. లూటీల సంగతి అడిగితే, ఇలాంటివి జరుగుతుంటాయిలే అన్నాడు రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్. ఆయుధ డిపోలకు కాపలా లేదు. అల్ కఖా డిపో నుంచి వందల టన్నుల పేలుడు పదార్థాలు మాయమయ్యాయి. దిక్కులేని డిపోల్లోని సరుకే రోడ్ల పక్కన బాంబులై పేలింది.

మే 1న బుష్ యుద్ధనౌక మీద నిలబడి, ప్రధాన పోరాటం ముగిసిందని ప్రకటించాడు. వెనకాల 'పని పూర్తయింది' అనే బ్యానర్. అదే నెల 23న ఆయన పంపిన పాలకుడు పాల్ బ్రెమర్ ఒక్క ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశాడు. లక్షలాది మందికి కొలువు పోయింది. కానీ చేతిలో తుపాకీ అట్లాగే ఉంది. ఇంటికి జీతం రాని సైనికుడు ఏ దారి పడతాడో తెలుసుకోవడానికి యుద్ధ పండితుడే కావాలా? తిరుగుబాటు ముదురుతుంటే జూలైలో బుష్, రానివ్వండి చూసుకుందాం అని సవాలు విసిరాడు. సవాలు విసిరింది వైట్‌హౌస్‌లో, చచ్చింది ఇరాక్ రోడ్ల మీద.

ఆ సైనికులు ఎవరు? ఎక్కువ మంది మామూలు ఇళ్ల పిల్లలు. కాలేజీ ఫీజు కోసం పేరు రాయించుకున్నవాళ్లు ఎందరో. 2004 డిసెంబర్‌లో కువైట్‌లో ఒక సైనికుడు రమ్స్‌ఫెల్డ్‌నే నిలదీశాడు: మా బండ్లకు కవచం కోసం చెత్తకుప్పల్లో పాత ఇనుము ఏరుకోవాల్సి వస్తోంది, ఎందుకు? ఉన్న సైన్యంతోనే యుద్ధానికి పోతాం తప్ప కోరుకున్న సైన్యంతో కాదని మంత్రిగారి జవాబు. ఒప్పందం గడువు తీరినవాళ్లను కూడా ఇంటికి పంపలేదు. ఇదే 2003లో బుష్ పన్నులు తగ్గించాడు. పైసలున్నవాడికి రాయితీ, పేదింటి పిల్లవాడికి పొడిగింపు.

2007 జనవరి 10న బుష్ 20 వేలకు పైగా అదనపు సైన్యాన్ని పంపుతున్నట్టు ప్రకటించాడు. దీనికే సర్జ్ అని పేరు. దాంతో గెలిచామని వాదించేవాళ్లకు జవాబు చెప్పాలి. 2008 నాటికి హింస తగ్గింది, నిజమే. కానీ అన్బార్ తెగలు అల్ ఖైదాకు ఎదురు తిరగడం 2006లోనే మొదలైంది. ముఖ్తదా అల్ సదర్ 2007 ఆగస్టులో కాల్పులు ఆపాడు. అప్పటికే బాగ్దాద్ బస్తీలు షియా, సున్నీలుగా చీలిపోయాయి. 40 లక్షలకు పైగా జనం ఇళ్లు విడిచారు. రాజకీయ రాజీకి వ్యవధి దొరకడానికే సర్జ్ అన్నారు కదా, ఆ రాజీ ఏది? పెట్టిన 18 లక్ష్యాల్లో ఇరాక్ ప్రభుత్వం పూర్తిగా చేరుకున్నవి 3 మాత్రమేనని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2007 సెప్టెంబర్‌లో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాదే అమెరికా సైనికులు అందరికన్నా ఎక్కువగా, 900 మంది దాకా చనిపోయారు. 2011 చివర్లో సైన్యం వెళ్లిపోయింది. 2014 జూన్‌లో మోసుల్ ఐసిస్ చేతిలో పడింది. సైన్యం మళ్లీ వచ్చింది.

మొత్తం మీద అమెరికా పోగొట్టుకున్న సైనికులు సుమారు 4,500 మంది. ఇరాక్ పౌరులు లక్షకు పైగా. మొదటి లెక్క పేరుపేరునా రాతి మీద చెక్కారు. రెండో లెక్క సరిగ్గా వేసినవాళ్లు కూడా లేరు.

మన దేశాన్ని కూడా సైన్యం పంపమని అమెరికా అడిగింది. ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపేది లేదని 2003 జూలై 14న వాజ్‌పేయి ప్రభుత్వం చెప్పింది. పార్లమెంటు, ప్రతిపక్షాలు, వీధుల్లో జనం కలిసి తెచ్చిన ఒత్తిడి దాని వెనక ఉంది. జనం అడిగితే కొన్ని ప్రాణాలు మిగులుతాయనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అందుకే మిత్రులారా, ఏ దేశంలో ఏ నాయకుడు యుద్ధమన్నా మూడు ప్రశ్నలు అడుగుదాం. ఈ లెక్క ఎవరు వేశారు? కాదన్నవాళ్లను ఏం చేశారు? చనిపోయేది ఎవరి పిల్లలు? ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా జెండా ఊపేవాడి వెంట నడవొద్దు.