ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య



కొంతకాలముగా ఇంటింట ఒక వింత పాట వినబడుచున్నది. అందు రాగము తక్కువ, మాట ఎక్కువ. తాళము ముందు నడువగా మాట దాని వెంట పరుగెత్తును. పిల్లలు దానిని ర్యాప్ అందురు, పెద్దలు "ఇదియు నొక పాటయేనా?" అని విసుగుకొందురు. 1973 ఆగస్టు 11వ తేదీ రాత్రి న్యూయార్కు నగరపు బ్రాంక్సు ప్రాంతములో, జమైకాలో పుట్టి అచటికి వలస వచ్చిన క్లైవ్ కాంబెల్ అను యువకుడు ఒక విందులో గ్రామఫోను రికార్డులు వేయుచుండెను. అతని మిత్రుడు కోక్ లా రాక్ మైకు పుచ్చుకొని, వచ్చినవారిని పేరుపేరున పలుకరించుచు ఆ తాళము మీద మాటలు విసరెను. హిప్ హాప్ అను కళకు అదే తొలిరాత్రి యని చెప్పుదురు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతముల పెద్దలకు ఇందు వింత తోచనక్కరలేదు. తాళము మీద మాటను పరుగెత్తించుట వారు చిన్ననాడే ఒగ్గు కథలో విన్నారు. ఒకదాని నుండి మరియొకటి పుట్టినదని నా భావము కాదు. ఎదుటివారిని కదలనీయక కూర్చుండబెట్టవలెనన్న, మాటకు డోలు తోడు కావలెనని రెండు చోట్లను జనులు తమంత తాము కనుగొన్నారు.

ఒగ్గు అనగా శివుని చేతి డమరుకము వంటి చిన్న వాద్యము. గొల్ల కురుమల ఇలవేలుపులైన మల్లన్న, బీరప్పల కథలను, ఎల్లమ్మ కథను ఒగ్గువారు చెప్పుదురు. ముగ్గులతో పట్నము వేసి, దేవుని కొలిచి, కథ నెత్తుకొందురు. డోలు, తాళములు తోడుగా ప్రధాన కథకుడు ఒక చరణము పాడి, వెంటనే వచనములోనికి దిగును. ప్రక్కనున్న వంతగాడు "ఆ పైన ఏమాయె?" అని అడుగును. ఆ ప్రశ్న మనదే. మన బదులు అతడడుగును. కథకుడు పైబట్ట సవరించుకొని గొంతు మార్చినంతనే మల్లన్న మేడలమ్మ యగును. మరుక్షణమున కేతమ్మ యగును. ఒక్క మనిషియే ఒక నాటక సమాజము.

ఈ విద్యలో మేటి చుక్క సత్తయ్య. ఆయన 1935లో నేటి జనగామ జిల్లా మాణిక్యాపురములో జన్మించినారు. చిన్న వయసుననే కథ చెప్ప మొదలిడి, వేలకొలది ప్రదర్శనలిచ్చినారు. పెద్ద చదువులు చదివినవారు కాదు. రాత్రుల తరబడి సాగు కథ యంతయు ఆయన నోటనే ఉండెడిది. కులదైవము ముంగిట కొలుపుగా నున్న కథను ఆయన పట్టణపు సభావేదికల మీదికి తెచ్చినారు. అయినను డోలు విడువలేదు, పలుకుబడి మార్చలేదు. తెలుగు విశ్వవిద్యాలయములో విద్యార్థులకు ఒగ్గు కథ నేర్పినారు. 2014 సంవత్సరపు కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము ఆయనను వరించినది. 2017 నవంబరు 9వ తేదీన ఆయన కన్నుమూసినారు.

ఈ పురస్కారముల కంటె ఆయన పాఠము చెప్పుటయే నాకు గొప్పగా తోచును. తండ్రి నుండి కొడుకునకు, గురువు నుండి ఇంటి శిష్యునకు చెవి ద్వారా దక్కు విద్య యిది. కంఠము ఆగిన నాడు కథయు ఆగును. వ్రాసి ఉంచిన చాలదా యందురేమో, చాలదు. మాట ఎచట ఆగవలెనో, డోలు ఎచట అందుకొనవలెనో కాగితము చెప్పజాలదు. అది ఎదుట కూర్చుండి నేర్వవలసినదే. ఇంటి వెలుపలివారికిని ఈ విద్య నందించుట వలన సత్తయ్య తన కంఠమునకు పిదప మరికొన్ని కంఠములను నిలిపినారు.

రేడియో వృత్తిలో నున్న వాడను గనుక ఒక మాట ఒప్పుకొనవలెను. ఒగ్గు కథను మేము స్టూడియోకు పిలిచినపుడు తెల్లవార్లు సాగు దానిని అరగంటకు కుదింతుము. అచట పట్నము లేదు, పసుపు వాసన లేదు, నిద్ర మాని కూర్చున్న ఊరు లేదు. గోడల నడుమ వంతగాడొక్కడే మీ అందరి బదులు ఊకొట్టును. మైకు కంఠమును దూరమునకు చేర్చును. కాని ఎదుటనున్న మనిషిని తేజాలదు.

కావున రేడియోలో విన్నంతతో తృప్తిపడవలదని నా మనవి. మీ చేరువ మల్లన్న జాతర జరిగినపుడు, ర్యాప్ వినెడి మీ పిల్లలను వెంటబెట్టుకొని పొండు. డోలు మ్రోగగానే వారి పాదములు వానంతట అవే తాళము వేయును. వంతగాడు "ఆ పైన ఏమాయె?" అన్నపుడు వారును అడుగుదురు. ఆ ప్రశ్న అడుగువారున్నంత కాలము కథ చెప్పువారికి కొదువ యుండదు.