రంగుటాకుల మొక్కల పెంపకము



కార్యాలయము ముందర, బడి ఆవరణలో నాటుటకై రంగుటాకుల మొక్కలను కొనుట మన గ్రామములలో వాడుకయైనది. వాని వెల హెచ్చు. అయినను కొన్ని రెండు మూడేండ్లలో రంగు మాసి, వట్టి పచ్చమొక్కలగుచున్నవి. ఊరివారి సొమ్ము ఇట్లు వ్యర్థము కాకుండుటకు తెలిసికొనవలసిన సంగతులను మేము మనవి చేయుచున్నాము.

ఆకులో ఆహారమును తయారుచేయునది పత్రహరితము. తెల్లని మచ్చలలో అది ఉండదు. కావున మచ్చల కొమ్మ మెల్లగా పెరుగును. ఆ మొక్కకే పూర్తిగా పచ్చనైన కొమ్మ పుట్టినచో, అది వేగముగా ఎదిగి తక్కిన కొమ్మలను అణచివేయును. అట్టి కొమ్మను కనబడగనే మొదలంట కోసివేయవలెను.

ఇక ప్రవర్ధన విషయము. క్రోటన్ విత్తనముల నుండి పుట్టిన మొక్కలకు తల్లిమొక్క రంగులు వచ్చునని నమ్మరాదు. వర్షాకాలమున నాలుగు నుండి ఆరు అంగుళముల కొమ్మచివరలను కోసి, పాలు కారుట ఆగిన పిదప, ఇసుక కలిపిన మట్టిలో నాటి నీడ నుంచవలెను. వేళ్ళు పట్టిన పిమ్మట క్రమముగా ఎండకు అలవాటు చేయవలెను. చిక్కని నీడలో క్రోటనుకు రంగు తేలదు. లావు కొమ్మకైనచో అంగుళము మేర బెరడును ఉంగరమువలె తీసి, తడినాచు కట్టి, పైన ప్లాస్టిక్ కాగితము చుట్టి అంటు కట్టవచ్చును.

పసుపు అంచుల స్నేక్ ప్లాంటు ఆకుముక్కను నాటినను మొలచును గాని, ఆ పిలకలకు పసుపు అంచు రాదు. తల్లి దుబ్బునుండి పిలకలను వేళ్ళతో విడదీసి నాటినచో అంచు నిలుచును.

ఒక హెచ్చరిక. తెల్లమచ్చల పెద్ద ఆకులు గల డీఫెన్‌బేకియాను నమిలినచో నోరు మండి, నాలుక వాచును. దానిని అంగన్‌వాడీలలోను, బడులలోను నాటరాదు. క్రోటను పాలు కూడ కొందరి చర్మమునకు సరిపడవు. కోసినవారు చేతులు కడుగుకొనవలెను.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము గ్రామ నర్సరీని పంచాయతీ బాధ్యతగా చేసినది. ఏ గ్రామమందైనను ఇట్టి నర్సరీ ఉన్నచో, తూర్పు గోదావరి జిల్లా కడియము వంటి నర్సరీల తావునుండి రకమునకు రెండేసి మంచి తల్లిమొక్కలను తెచ్చుకొనిన చాలును. తక్కినవానిని ఊరిలోనే పెంచుకొనవచ్చును. నీరు పోయువారికే పచ్చకొమ్మలను వారమునకొకమారు చూచు పనియు అప్పగింపుడు. కొనుటకు తీర్మానము చేసిన సభయే కాపాడుటకును తీర్మానము చేయవలెనని మా కోరిక.