కొండల నడుమ బడి

పిల్లల్ని హాస్టల్లో చేర్చాలా వద్దా అని ఆలోచిస్తున్న అమ్మానాన్నలకు ఈ నాలుగు మాటలు.

మదనపల్లె దగ్గర కొండల నడుమ రిషి వ్యాలీ బడి ఉంది. 1895లో మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి దాని స్థాపకులు. నాలుగో తరగతి పిల్లలు కూడా అక్కడే ఉండి చదువుకుంటారు. హాస్టల్లో టీచర్లే ఇంటి పెద్దలు. పొద్దున అసెంబ్లీలో అందరూ కలిసి పాడతారు. భోజనం శాకాహారమే. సాయంత్రం ‘అస్తాచల్’: మాటా పలుకూ లేకుండా కూర్చుని పొద్దు గుంకడం చూస్తారు. పక్షుల్ని గమనించడం, జానపద నృత్యం అక్కడి జీవితంలో భాగమే.

ఏ హాస్టల్లో చేర్చే ముందైనా అక్కడి పెద్దల్ని ఒక్క మాట అడగండి: “మా బిడ్డకు ఇంటిమీద బెంగ పుడితే ఎవరితో చెప్పుకోవాలి?”