కంప్యూటరు పంపే తాఖీదులు

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నారు. వారు వదిలివెళ్లిన కంప్యూటరు మన ఇంట్లో ఉంది. పింఛను వివరాలు, బ్యాంకు ఖాతా, మనవలతో వీడియో మాటలు అన్నీ దానిలోనే. దాని తెర మీద ఒక పెట్టె పదే పదే లేచి "ఎర్రర్" అంటుంటే కంగారు సహజమే. ఆ కంగారులో ఏదో ఒకటి నొక్కేయడమే ప్రమాదం. నేను ఇంజనీరును కాను, గుమాస్తాను. ఎవరు పంపారు, ఏ విషయమై పంపారు, సంతకం ఎవరిది అని తపాలా చూసినవాణ్ణి. ఇక్కడా అదే పద్ధతి చాలు.

మొదట ఆ పెట్టెలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు నోటుపుస్తకంలో రాసుకోండి. తేదీ, వేళ, అప్పుడు చేస్తున్న పని కూడా రాయండి. నాలుగు రోజులు రాస్తే చాలాసార్లు కారణం దానంతటదే బయటపడుతుంది.

మన సభ్యులొకరికి రోజూ పొద్దున్నే "మీ గడియారం వెనకబడి ఉంది" అని వచ్చేది. తేదీ సరిచేస్తే పోయేది, మర్నాడు మళ్లీ వచ్చేది. వారు రాత్రిళ్లు గోడ స్విచ్చి ఆపుతారు. లోపలి బోర్డు మీద సీఆర్ 2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయింది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు గడువు తేదీలుంటాయి గనుక, తేదీ తప్పితే అవి చెల్లవు. బ్యాటరీ మార్చారు, పెట్టె రావడం మానింది.

ఆన్ చేయగానే "ఫలానా ఫైలు దొరకలేదు" అని వస్తే, తీసేసిన ప్రోగ్రాము పేరు జాబితాలో మిగిలి ఉండవచ్చు. బదిలీ అయిన గుమాస్తా పేరు హాజరుపట్టీలో ఉండిపోయినట్టు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ పట్టికలో ఆ పేరును డిజేబుల్ చేయండి. విండోస్‌లో రిలయబిలిటీ హిస్టరీ అని ఉంది. అది ఇన్‌వార్డు రిజిస్టరు వంటిది. ఏ తేదీన ఏ ప్రోగ్రాము ఆగిపోయిందో చూపుతుంది.

తెర మూలన "మీకు వైరస్ సోకింది" అని మాటిమాటికీ వస్తుంటే, అది తరచుగా ఏదో సైటుకు "అలో" నొక్కిన ఫలితం. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి ఆ సైటు పేరు తొలగించండి.

ఇక తెరంతా కమ్మేసి, కూతపెట్టి, ఫోన్ నంబరు ఇచ్చేది ఉంది. అది ఆకాశరామన్న ఉత్తరం! తమ హెచ్చరికలలో ఫోన్ నంబరు ఉండదని మైక్రోసాఫ్ట్ వారే ప్రకటించారు. ఆ నంబరుకు చేస్తే, అవతలివాడు మన కంప్యూటరును తన చేతికి తీసుకునే ప్రోగ్రాము వేయిస్తాడు. తర్వాత బ్యాంకు ఖాతా తెరిపిస్తాడు. ఫోన్ చేయకండి. టాస్క్ మేనేజర్‌లో బ్రౌజరును ఎంచుకుని ఎండ్ టాస్క్ నొక్కండి. పాత పేజీలు మళ్లీ తెరవమంటారా అని అడిగితే వద్దనండి. ఆపై విండోస్ సెక్యూరిటీతో పూర్తి స్కాన్ చేయించండి.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సిగ్గుపడి దాచవద్దు. ఇంటర్నెట్ తీసివేసి, వెంటనే 1930కి, బ్యాంకుకు ఫోన్ చేయండి. తొలి గంటలు ఎంతో విలువైనవి.

అన్నీ దొంగ తాఖీదులని కొట్టిపారేయకండి. విండోస్ 10కి ఉచిత భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని వచ్చిన నోటీసు నిజమైనదే. దాని మీద చర్య తీసుకోవలసిందే.

మన పింఛను మన జీవితకాలపు చెమట. సంతకం సరిచూడకుండా ఏనాడూ బిల్లు పాసు చేయనివాళ్లం, ఊరూపేరూ లేని పెట్టెకు ఖాతా అప్పగిస్తామా? వచ్చే సమావేశానికి మీ నోటుపుస్తకాలు తీసుకురండి. కలిసి చదువుదాం. సెలవు.