పీటర్ కుందేలుకీ ఏదెను తోటకీ నడుమ



పిల్లల జంతు కథల్లో బైబిలు ఛాయలు ఎలా కనిపిస్తాయో చెప్పమన్నారు. అన్నీ తడమకుండా ఒక్క కథే తీసుకుంటాను. ఇంగ్లండు రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ 1893లో, జబ్బుగా ఉన్న ఓ పిల్లవాడికి బొమ్మలు గీసి ఉత్తరంలో పంపిన పీటర్ రాబిట్ కథ అది. 1902లో ఫ్రెడరిక్ వార్న్ సంస్థ పుస్తకంగా తెచ్చింది.

మెక్‌గ్రెగర్ అనే ఆయన తోటలోకి వెళ్ళొద్దని తల్లి చెబుతుంది. పీటర్ నేరుగా అక్కడికే వెళ్తాడు. లెట్యూస్, బీన్స్, ముల్లంగి మెక్కుతాడు. మెక్‌గ్రెగర్ కంటపడి, పరుగెత్తి, మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాలో దాక్కుంటాడు. వద్దన్న చోటు, తిన్న తిండి, దాక్కోవడం! ఆదికాండం మూడో అధ్యాయం చదివినవారికి ఆదాము హవ్వలు గుర్తుకొస్తారు.

పాటర్ బైబిలుకు నకలు రాసిందని నేననను. పోలిక దగ్గరే ఆగిపోవద్దనే నా మనవి. ఏదెనులో తోట దేవుడిది, వద్దన్నదీ ఆయనే. ఇక్కడ తోట ఒకరిది, వద్దన్నది మరొకరు. పీటర్ తండ్రి ఆ తోటలోనే చిక్కి మెక్‌గ్రెగర్ ఇల్లాలి చేతిలో వంటకమైపోయాడు. ఆ ఆజ్ఞలో ఉన్నది భర్తను పోగొట్టుకున్న తల్లి భయం.

ఇక పీటర్ ఇల్లు చేరడం చూడండి. లూకా సువార్త పదిహేనో అధ్యాయంలోని ఉపమానంలో, తప్పిపోయి తిరిగొచ్చిన కుమారుడికి తండ్రి మంచి వస్త్రం కట్టబెట్టి, చెప్పులు తొడిగించి, కొవ్విన దూడతో విందు చేస్తాడు. మాట జవదాటని పెద్దకొడుకు కోపంతో లోపలికి రానంటాడు. పీటరేమో కోటూ బూట్లూ పోగొట్టుకుని వస్తాడు. అవి తోటలో దిష్టిబొమ్మకు ఎక్కుతాయి. తల్లి వాణ్ణి పడుకోబెట్టి కామొమైల్ కషాయం పడుతుంది. రొట్టె, పాలు, బ్లాక్‌బెర్రీ పళ్ళు మాట విన్న ముగ్గురు ఆడపిల్లలకే. ఉపమానంలో పెద్దకొడుకు కోరిన న్యాయం ఇక్కడ జరిగింది. అయినా పీటర్‌ను ఇంట్లోంచి ఎవరూ గెంటలేదు. వాడి పక్క వాడికుంది, మందిచ్చే చెయ్యి ఉంది.

కాబట్టి మీ పిల్లలకు ఈ కథ చదివినప్పుడు, “ఇది ఏదెను కథే” అని తేల్చేయకండి. “ఆ రాత్రి పీటర్‌కి కూడా పళ్ళు పెట్టాల్సిందా?” అని అడగండి. పెట్టాలని ఒకరు, కూడదని ఒకరు వాదించుకోనివ్వండి. పెద్దకొడుకు బాధ, తండ్రి ప్రేమ రెండూ పిల్లలకు బోధతో పని లేకుండానే అర్థమవుతాయి.