పొగబండి అని పేరుపడిన యెజ్డీని మట్టిబాటకు సిద్ధం చేద్దాం

కదిరి నుంచి మళ్ళీ నేనే. "బ్రో, పాత డర్ట్ బైక్ ఏది కొనాలి?" అని చాలామంది అడుగుతున్నారు. నిజం చెప్పాలంటే, ఆ కాలంలో మన షోరూముల్లో డర్ట్ బైక్ అని అమ్మింది దాదాపు లేదు. హీరో ఇంపల్స్ వచ్చిందే 2011లో, అదీ సగం రోడ్డు బండి. అంతకు ముందు మోటోక్రాస్ ఆడాలన్నా, చేనికి పోవాలన్నా ఉన్న బండ్లతోనే సర్దుకున్నారు. అట్లా మట్టిలో బాగా నలిగిన బండి యెజ్డీ.

మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి 1996 దాకా బండ్లు చేసింది. 250 సీసీ టూ స్ట్రోక్. సిలిండర్ ఒకటే, సైలెన్సర్లు మాత్రం రెండు. కొత్త కంపెనీ 2022 జనవరిలో అదే పేరుతో బండ్లు దించింది కానీ ఈరోజు మాట్లాడేది పాతదాని గురించే.

పాతదానికి ఉన్న చెడ్డపేర్లు మీకు తెలిసినవే. పొగ కక్కుతుంది, కాలు విరగ్గొడుతుంది, ఉన్నట్టుండి సీజ్ అవుతుంది. మా ఇంట్లో ఈ మూడూ జరిగినాయి. కిక్ వెనక్కి తన్ని మా చిన్నాయన మోకాలు పోయింది. ఆ రోజు నుంచి మా నాయన బండిని కొట్టంలో శెనక్కాయ మూటల వెనక్కి తోసేసినాడు.

బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చినాక దాన్ని నేను బయటికి లాగినా. ఫస్ట్ చేసిన పని ఏంటో తెలుసా? కొత్త పెయింట్, క్రోమ్, సౌండ్ సైలెన్సర్. జీతం డబ్బులన్నీ పై మెరుపుకే పోయినాయి. తిమ్మమ్మ మర్రిమాను చూసి తిరిగి వస్తుంటే, దిగుడులో యాక్సిలరేటర్ మూసి దొర్లిస్తున్నా. టక్కున వెనక చక్రం పట్టేసింది. వెనక మా ఫ్రెండ్ కూర్చోనున్నాడు. క్లచ్ పట్టేసరికి బండి అడ్డం తిరిగి కంకరలో పడినాం. వాడి చెయ్యి చీరుకుపోయి కుట్లు పడినాయి.

తప్పు బండిది కాదు, నాది. ఈ ఇంజన్‌కు ఆయిల్ వచ్చేది పెట్రోల్‌లో కలిసే. యాక్సిలరేటర్ మూసేస్తే పెట్రోల్ తగ్గుతుంది, దాంతోపాటే ఆయిలూ తగ్గుతుంది, ఇంజన్ మాత్రం తిరుగుతానే ఉంటుంది. పొడుగు దిగుడులో మధ్య మధ్యలో కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ ఉండాలి. నేను లీటరుకు 40 మి.లీ. మంచి టూ-టీ ఆయిల్ కొలిచి కలుపుతా. కంటి అంచనా పనికిరాదు.

ఇప్పుడు అసలు విషయం, ఆయిల్ సీల్స్. క్రాంక్‌కు రెండు పక్కలా ఉంటాయి. ఏళ్ళ తరబడి నిలబెట్టిన బండిలో రబ్బరు ఎండిపోతుంది. ఎడమవైపుది, అంటే క్లచ్ పక్కది పోతే ఇంజన్ గేర్ ఆయిల్ తాగేస్తుంది. తెల్లపొగకు పెద్ద కారణం ఇదే. కనుక్కోవడం తేలిక: గేర్ ఆయిల్ మట్టం తగ్గుతుంటుంది, నేల మీద చుక్క కూడా ఉండదు. కుడివైపుది పోతే దొంగగాలి చొరబడుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ అరుస్తానే ఉంటుంది, వేడెక్కుతుంది, చివరికి సీజ్. సీల్స్‌కు అయ్యే ఖర్చు నా క్రోమ్ బిల్లులో ఒక మూలకు కూడా రాదు!

కిక్ వెనక్కి తన్నడం టైమింగ్ గోల. నిప్పురవ్వ మరీ ముందే పడితే పిస్టన్ రివర్స్ కొడుతుంది. పాయింట్స్ గ్యాప్ 0.4 మి.మీ. ఫీలర్ గేజ్‌తో పెట్టి, ఆ తర్వాత టైమింగ్ చూడాలి. గ్యాప్ మారిస్తే టైమింగ్ కూడా మారుతుంది, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టుకున్నా మంచిదే. ఇంకోటి, దీనికి కిక్ రాడే గేర్ రాడ్. లోపలికి నొక్కి పైకి తిప్పాలి. కాలికి బూటు లేకుండా, సగం కిక్ మాత్రం కొట్టొద్దు.

మన ఎర్రమట్టి సంగతి వేరే చెప్పాలా? స్టైల్ కోసం చైన్ మీద ఉండే డబ్బా పీకేస్తారు. పీకొద్దు, ఈ దుమ్ములో చైన్ అరగకుండా కాపాడేది అదే. ఎయిర్ ఫిల్టర్ కూడా అంతే, సౌండ్ కోసం తీసేస్తే దుమ్ము నేరుగా సిలిండర్‌లోకే పోతుంది. సైలెన్సర్ లోపలి గొట్టాలు తీసి బొగ్గు గీకండి, పోయిన పికప్ సగం అక్కడే దొరుకుతుంది. డ్రమ్ బ్రేకులు మాత్రం ఎంత చేసినా డ్రమ్ బ్రేకులే. కొత్త లైనర్లు వేసినాక కూడా నేను దూరం పెట్టే నడుపుతా.

కొనేటప్పుడు ఇంజన్ కంటే ముందు ఆర్సీ చూడండి. 15 ఏళ్ళు దాటితే రెన్యువల్ ఉండాలి, ఛాసిస్ నంబర్ కలవాలి.

సీల్స్ మార్చినాక నిన్న రెండో కిక్‌కే స్టార్ట్ అయింది. పొగ ఉంది, టూ స్ట్రోక్ కదా, కానీ వేడెక్కినాక పలచబడింది. నాయన వసారాలోంచి లేచి గేటు దాకా వచ్చి, "చిన్నాయనకు చెప్పినావా?" అని మాత్రం అడిగి లోపలికి పోయినాడు. ఆదివారం చిన్నాయన వస్తున్నాడు. కిక్ మాత్రం నేనే కొడతా.